పరాయి కాలు

మా బావకు మూడు కాళ్ళు. ఒకటి పుట్టుకతో వచ్చింది, ఇప్పటికీ ఉంది. రెండోది ఉచిత శిబిరంలో ఇచ్చారు, వంటింటి గోడకు ఆనుకొని ఉంటుంది, దాని మీద మా అక్క తువ్వాలు ఆరేస్తుంది. మూడోది కోర్టు ఇప్పించింది. దాన్ని మాత్రం మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

నాలుగోది కూడా ఒకటి ఉండేది. అది అంగళ్లు అనే ఊరు దాటాక ఒక లారీ కింద పోయింది.

బావ టెంపో నడిపేవాడు. చుట్టుపక్కల తోటల నుంచి మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలడం ఆయన పని. సీజన్లో మా మార్కెట్టులో పోసే టమాటాలను చూసి సాయంత్రం సూర్యుడు సిగ్గుపడి తొందరగా దిగిపోతాడని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజు లారీ గుద్దినప్పుడు రోడ్డు మీద పొర్లిన టమాటాల్లో బావను వెతకడానికి జనం చాలాసేపు తడుముకున్నారు. ఎరుపులో ఎరుపు. ఇందులో మాత్రం నేను గోరంత కూడా పెంచి రాయడం లేదు.

కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. శిబిరంలో ఇచ్చిన కాలు మంచిదే, కానీ దానికి మోకాలు వంగదు. అది తొడుక్కుని బావ నడుస్తుంటే గడియారం ముల్లు గోడ దిగి నడుస్తున్నట్టుండేది. తొడ ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. మోకాలు వంగే కాలు కావాలని, అది ఖరీదైనదని డాక్టర్లు చెప్పి, కొలతకు తొడ అచ్చు కూడా తీసి పెట్టుకున్నారు. బావ పూర్వం టమాటాలు దించే మండీ ఆసామి ఒక మాటిచ్చాడు: "రెండు కాళ్ళ మీద నిలబడి రాప్పా. గేటు కాడ పని నీదే." అంటే మా అక్కకూ బావకూ కూడు పెట్టాల్సింది ఆ కాలే. నెలనెలా నేను ఇచ్చేది మా అక్క తీసుకుంటుంది గానీ, తీసుకునేటప్పుడు నా మొహం చూడదు.

ఒంటి కాలికి కూడా చెప్పులు జతగానే కొనాలి. ఒకటే అమ్మమని మా ఊరి చెప్పుల అంగడిలో బావ చేసిన బేరం విని అంగడాయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాడు, అమ్మలేదు. ఎడమది అరిగిపోతుంది, కుడిది కొత్తగానే ఉండిపోతుంది. ఆ కుడి చెప్పులన్నీ అక్క తుడిచి, సంచుల్లో వేసి, బియ్యం డ్రమ్ము వెనక దాచేది. కాలొచ్చిన రోజున తొడగడానికి చెప్పు లేదంటే ఎలా!

ఇక లాయరు సంగతి. నిమ్మనపల్లె వైపు మా వాళ్ళంతా కూలికి పోయి బతికినవాళ్ళు. ఇప్పుడు టీచర్లున్నారు, కండక్టర్లున్నారు, నాలాగా కాలేజీ ఆఫీసులో కుర్చీ అరగదీసేవాళ్ళున్నారు. నల్లకోటు మాత్రం ఒక్కటే. ఆ పిల్లవాడు మొదటిసారి కోటు వేసుకొని వీధిలోకి వచ్చిన రోజు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ముసలివాళ్ళంతా ఆ కోటును తాకి చూసి కళ్ళకద్దుకున్నారు. కోటు ఆయనది కాదు, వీధిది. అందుకే బావ ఆసుపత్రి వరండాలో పడి ఉండగా ఆయన వచ్చి మంచం పట్టీ మీద కూర్చుంటే మాకు దేవుడు కూర్చున్నట్టే అయింది.

"మామా, కాలు పొయ్యింది నీది. దుడ్లు తెచ్చే పూచీ నాది. ఇంగ దాని గురించి నువ్వు మర్సిపో" అన్నాడు.

బావ మరిచిపోయాడు. నష్టపరిహారం పడటానికి బ్యాంకులో ఖాతా తెరవాలంటే వెళ్ళి తెరిచాడు. చెక్కుల మీద సంతకాలు చేయమంటే చేశాడు. తెల్లకాగితాల మీదా చేశాడు. మెసేజీలు రావడానికి ఫోన్ నంబరు ఏదని బ్యాంకువాళ్ళు అడిగితే, లాయరే తనది చెప్పాడు. "నువ్వు మెసేజీలు సదవలేవు గదా మామా." బావ చదవగలడు. కానీ అంత ప్రేమగా చెప్పినవాడితో చదవగలనని ఎట్లా అంటాడు?

తరవాత ఏళ్ళు గడిచాయి. లాయరు ఆఫీసులో మా అక్క కూర్చున్న బెంచీకి ఆమె ఆకారం అచ్చుపడిందని నేను అంటే ఆమె నన్ను కొట్టడానికొచ్చింది. వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త మాట దొరికేది. ఇన్సూరెన్సోడు అప్పీలుకు పోయినాడు. జడ్జి మారినాడు. కంప్యూటరు పడిపోయింది. ఆ కంప్యూటరు అన్నిసార్లు పడిపోయాక కూడా బతికుందంటే దానికి మా బావ కంటే గట్టి కాళ్ళుండాలి.

ఒక రోజు పెద్దమండ్యం నుంచి ఒకాయన వచ్చాడు. ఆ టెంపోలో బావ పక్కన కూర్చున్న హమాలీ. ప్రమాదంలో ముందు పళ్ళన్నీ రాలిపోయి, మాట్లాడితే ఈల మోగేది. ఇప్పుడు గడపలో నిలబడి నవ్వితే ఇల్లంతా వెలుగు పడింది.

"ఏమన్నా, ఇంగా కర్రల మీదనే ఉండావే? నీ కాలు యాడ?"

"కేసు నడస్తాండాది గదప్పా" అన్నాడు బావ.

"ఏం కేసు? నీదీ నాదీ ఒగే రోజు తీర్పు అయ్యింది. నా లాయరు నాకు దుడ్లిచ్చి ఎన్నాళ్ళయ్యిండాది! సూడు." జేబులోంచి శెనక్కాయల చిక్కీ తీసి, కట్టించుకున్న కొత్త పళ్ళతో పటపటా కొరికి చూపించాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బావ ఆ చిక్కీ వంకే చూస్తూ ఉండిపోయాడు. అక్క చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, కొంగు భుజం మీదకు లాక్కొని, "పదండి బ్యాంకుకు" అంది.

బ్యాంకులో ఉన్నమ్మాయి కంప్యూటరు వైపు చూసి, బావ వైపు చూసి, మళ్ళీ కంప్యూటరు వైపు చూసింది. "దుడ్లు యబుడో వచ్చిండాయప్పా. మీ చెక్కులతోనే తీసేసిండారు. మెసేజీలు రాలేదా?" అంది. అక్క బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడ్వలేదు. ఎండలో కాలుతున్న ఆ రాతి మెట్టు మీద నేను లేపేదాకా అట్లాగే కూర్చుంది.

లాయరు ఫోనెత్తలేదు. ఆఫీసుకు తాళం. అయితే మనిషి మూడోనాటికి తనంతట తానే ఇంటికి వచ్చాడు, సరిగ్గా మేం సంగటి ముందు కూర్చున్న వేళకు.

ఇక్కడ మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటికొచ్చినవాడికి పెట్టకుండా మనం తినకూడదు. వాడు తింటున్నప్పుడు బాకీ మాట ఎత్తకూడదు. ముద్ద నోట్లో ఉన్నవాణ్ణి నిలదీస్తే ఆ ముద్ద విషమవుతుందని, ఆ పాపం పెట్టిన చేతిదని అంటారు. ఈ సంగతి ఏ లా కాలేజీలోనూ చెప్పరు, కానీ ఆయన మా వీధిలో పెరిగినవాడు. కాళ్ళు కడుక్కొని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అక్క చేయి తనకు తెలియకుండానే ఇంకో పళ్ళెం పెట్టింది. రాగిసంగటి, ఊరిబిండి, అలసందల పులుసు. ఆయన ఆ ముద్ద తిన్నంతసేపట్లో మదనపల్లె నుంచి కుప్పం దాకా కాలువ తవ్వి నీళ్ళు వదలొచ్చు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఇంకా కావాలా అని అక్క అడిగింది. కావాలన్నాడు!

చివరికి చెయ్యి కడుక్కున్నాడు. బావ అప్పటిదాకా ఆగి, "నాయనా, తిన్నావు గదా. ఇబుడు చెప్పు. నా దుడ్లు యాడ?" అన్నాడు.

"మామా, తిన్నింట్లో అబద్ధం చెప్పను. నీ దుడ్లు నేను తిన్లేదు. పుంగనూరులో ఒక తాతకి ఇచ్చినా."

"ఆ తాతకి నేనేమన్నా బాకీ ఉండానా?"

"లేదు మామా. ఆయన పెండ్లాన్ని బస్సు గుద్దింది. ఆయన దుడ్లు నా చేతిలో ఖర్చయిపోయినాయి. ఆయన గొంతు మీద కూర్సుంటే, నీవి పడినాయని తీసి ఇచ్చేసినా."

"ఆయనవి ఎట్ల ఖర్చయినాయి?"

లాయరు తలొంచుకొని, అంతకుముందు ఇంకొకాయన ఉన్నాడని, ఆయనకు ముందు ఇంకొకరని, అసలు మొదట ఆఫీసు అడ్వాన్సుకీ కారుకీ వాడుకున్నానని, ఒక్క నెలలో సర్దుకుంటుందనుకున్నానని చెప్పాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళే. అదే నాకు భయమేసింది. దొంగ ఏడ్పయితే తిట్టి పంపేవాణ్ణి.

"ఇంగ ఒక్క నెల ఓర్సుకోండి" అన్నాడు. "కుప్పంలో ఒకామె ఉండాది. మొగుడు క్వారీ లారీ కింద పొయ్యినాడు. ఆమె దుడ్లు పడబోతాండాయి. పడంగానే నీ కాలు నేనే కొనిస్తా మామా. పక్కన నిలబడి నేనే నడిపిస్తా."

"మరి ఆమెకి?"

"ఆమెకి తర్వాత ఇంగో కేసు ఉండాది గదా."

ఆయన వెళ్ళేసరికి సంగటి చల్లబడి రాయి అయింది. దాంతో ఎవరినైనా కొడితే చచ్చేవాళ్ళు. చివరికి అక్కే అంది: "నెల గదా. ఓర్సుకుందాం."

"ఆమె దుడ్లు గదమ్మే అవి" అన్నాడు బావ.

"ఆమె ఎవురో నాకు తెల్దు. నా మొగుడు నాకు తెల్సు. దొడ్డికి పోవాలంటే నా భుజం పట్టుకొని పోతాండాడు నా మొగుడు. నా భుజం యన్నాళ్ళుంటాదో నువ్వు చెప్పగలవా?"

నేను ఆమె తమ్ముణ్ణి, ఆమె భుజం ఎలాంటిదో తెలిసినవాణ్ణి. ఆ క్షణంలో ఆ కుప్పం ఆమె పుట్టకుండా ఉంటే బాగుండేదనిపించింది.

తెల్లారి బావ కర్రలు చంకల్లో పెట్టుకొని నా గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఒరే బామ్మర్దీ, నా దుడ్లు పుంగనూరులో ఉండాయంట. ఒకసారి కంటితో సూసొద్దాం రా."

బస్సులో బావ ఎక్కడమంటే అదొక జాతర. కర్రలు ముందు ఎక్కాలి, తరవాత బావ, తరవాత బావను తిట్టే కండక్టరు. పుంగనూరులో దిగి, పెండ్లాన్ని బస్సు గుద్దిన తాత ఎవరని అడిగితే ఇల్లు ఎవరో చూపించారు. కొత్త మిద్దె. ఆ మిద్దెకు వేసిన పచ్చరంగు చూస్తే ఆకలిగొన్న మేకలు గోడెక్కుతాయి. గుమ్మం పక్కన పుంగనూరు ఆవు ఒకటి కట్టేసి ఉంది. అది ఎంత పొట్టిదంటే, తాత దాన్ని కుర్చీ అనుకొని కూర్చోకుండా ఉండటానికే మెడలో గంట కట్టాడని నాకనిపించింది.

తాత మాకు మజ్జిగిచ్చాడు. లాయరు పేరెత్తగానే చేతులు జోడించాడు. "లాయరంటే ఆయనప్పా! లేటయింది నిజమే. యేండ్లు తిప్పినాడు. ఆఖరికి మాత్రం పైసా తగ్గించకుండా తెచ్చి చేతిలో పెట్టినాడు. మా ముసల్ది గుడిసెలో కురుస్తాండాదని రోజూ గొణిగేది. ఇబుడు మిద్దె ఉండాది, గొణిగేదానికి ఆమె లేదు."

బావ లేచి వరండా స్తంభాన్ని కర్రతో రెండుసార్లు తట్టాడు. "సిమెంటు బాగా పట్టిండాదా తాతా?"

"నాలుగు తరాలుంటాది నాయనా."

"సంతోషం."

వీధి మలుపు తిరిగాక బావ ఆగి, వెనక్కి తిరిగి ఆ మిద్దె వైపు చూశాడు. "సూస్తివా నా కాలు? బాగా నిలబడిండాది."

"ఆయనకు చెప్పాల్సింది గద బావా?"

"చెప్పి? పగలగొట్టి ఎత్తుకపోతామా? ఆయన దుడ్లు ఆయనకి వచ్చినాయి. ఆయన తప్పేముండాది?" ఆగి అన్నాడు, "కుప్పం బస్సు యబుడు?"

కుప్పంలో, క్వారీ లారీ కింద పోయినాయన ఇల్లు ఏదని అడుగుతూ పోయేసరికి ఆమె ఊదుబత్తీలు చుట్టే పనిలో ఉంది. వేళ్ళన్నీ నల్లటి పిండి. మేం ఎవరమో చెప్పి, లాయరు మాట ఎత్తేసరికి ఆమె పళ్ళెం పక్కకు తోసి లేచింది.

"ఎవురు పంపినారు మిమ్మల్ని? ఇన్సూరెన్సోళ్ళా? మా లాయరన్న మీద చాడీలు చెప్పేకి కుప్పం దాకా వచ్చిండారే! ఆయన నా తోడబుట్టినోడి కంటే ఎక్కువ. మా ఇంట్లో కూర్సోని సంగటి తినిపొయ్యిండాడు!"

"మా ఇంట్లోనూ తిన్నాడమ్మా" అన్నాడు బావ. "బాగా తింటాడు."

ఆమెకు నవ్వు రాలేదు. వీధిలో నలుగురు చేరారు. ఒకాయన నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఆ పట్టు ఎంతదంటే, ఆ కాలరు ఇప్పటికీ మెడ దగ్గర లేచి నిలబడే ఉంది. బావ మాత్రం అరుగు మీద నిదానంగా కూర్చొని, లుంగీ పైకి జరిపి, మిగిలిన తొడ చూపించాడు. ఒరుపు పుండ్లు, కుట్ల గీతలు. కాలరు వదిలేశారు.

"నేను నీకు నీతులు చెప్పేకి రాలేదమ్మా. ఒగే మాట అడుగుతా. బ్యాంకులో నీ దుడ్లు పడితే మెసేజీ ఎవురి ఫోనుకి వస్తాది?"

ఆమె నల్లటి వేళ్ళు నుదుటి మీదకు వెళ్ళాయి. ఎంతసేపటికీ కిందికి దిగలేదు. "చెక్కుల మీద సంతకాలు కూడా చేసిస్తినే అన్నా" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

ఆ పూటే ఆమెతో బ్యాంకుకు వెళ్ళాం. నంబరు మార్పించాం, చెక్కులు ఆపించాం. బ్యాంకు గడప దిగుతూ ఆమె అడిగింది: "మరి మీ దుడ్లు అన్నా?"

"నావి పుంగనూరులో ఉండాయిలేమ్మా. భద్రంగా ఉండాయి."

బస్టాండులో కూర్చున్నాక నేను ఆగలేకపోయాను. "అక్కకు ఏం చెప్తావు?" అన్నాను.

బావ తన ఒంటి చెప్పు వైపు చూసుకున్నాడు. "పరాయోళ్ళ చెప్పు తొడుక్కుంటేనే వాళ్ళ శని మనకి పడతాదంటారు గదరా. పరాయోళ్ళ కాలు తొడుక్కుంటే? ఆ కాలు నన్ను మండీకి తీసకపోదు. నేను ఆపక్క పోదామంటే అది ఈపక్కకి, కుప్పం దావ పడతాది. ఈమె గడప కాడికే వస్తాది రోజూ. నాకు ఆ తిరుగుడు వద్దప్పా."

అక్కకు చెప్పాడు. అక్క విన్నది. ఆ రోజు నుంచి బావతో మాట్లాడటం మానేసింది. నా ద్వారా మాట్లాడేది. "మీ బావను తినమను." బావ ఎదురుగానే ఉండేవాడు. భుజం మాత్రం అడగకముందే ఇచ్చేది.

ఫిర్యాదు రాయించాలని తిరిగితే, లాయరు మీద రాయడానికి లాయరు దొరకలేదు. మదనపల్లెలో కాఫీ ఇచ్చి సానుభూతి చూపించారు. పుంగనూరులో టీ ఇచ్చి, "పొద్దున లేస్తే ఒకరి మొకం ఒకరు సూసుకోవాల గదప్పా" అన్నారు. తాగిన కాఫీ టీలకు నా కడుపులో చెరువు నిండి తూములు తెరుచుకున్నాయి, ఫిర్యాదు మాత్రం కాలేదు. ఆఖరికి కుప్పంలో ఒక పెద్దాయన, కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయినవాడు, రాస్తానన్నాడు.

ముందుగా నేనొక చిత్తుప్రతి రాసుకెళ్ళాను. అందులో అన్యాయం కొండంత ఉంది, కన్నీళ్ళు ఏరులై పారాయి, కుప్పం అడవిలోని ఏనుగుల మంద మా అక్క సంసారాన్ని తొక్కి పోయింది. పెద్దాయన చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఈ ఏనుగులు సాక్ష్యానికి వస్తాయా?"

"రావు సార్."

"ప్రమాణపత్రమప్పా ఇది. జరిగిందే ఉండాల."

కొట్టేస్తూ పోయాడు. కొండ పోయింది, ఏర్లు ఎండిపోయాయి. చివరికి మిగిలింది: డబ్బు వచ్చింది, నాకు చెప్పకుండా తీసుకున్నాడు, అడిగితే ఇవ్వలేదు. ఇంత చిన్న ముక్క కోసమా ఇన్నేళ్ళు అనిపించింది. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత పొట్టిదీ అంత భయంకరమైనదీ ఇంకోటి లేదు. ఒక ప్రతి బార్ కౌన్సిల్‌కు, ఒకటి పోలీసులకు.

కబురు తెలిసి మా వీధి పెద్దలు వచ్చారు. వాళ్ళంటే నాకు కోపం రాలేదు. ఆ కోటును తాకి కళ్ళకద్దుకున్నవాళ్ళే వాళ్ళు. ఒక ముసలాయన బావ చేయి పట్టుకొని, "మనకుండేది ఒగే కోటు నాయనా. దాన్ని నువ్వే ఇప్పేస్తావా?" అన్నాడు.

"నాకుండేది ఒగే కాలు మామా" అన్నాడు బావ. ఇద్దరూ తలలు దించుకున్నారు. వచ్చినవాళ్ళు మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

బార్ కౌన్సిల్ విచారణకు చాలా దూరం పోవాల్సి వచ్చింది. బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మా లాయరు కోటు ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు. మమ్మల్ని చూసి, అలవాటు కొద్దీ, "బాగుండావా మామా?" అన్నాడు. బావ కూడా అలవాటు కొద్దీ, "బాగుండా నాయనా" అన్నాడు.

మొత్తం పైకం ముట్టిందని బావ రాసిచ్చినట్టు ఒక కాగితం ఆయన చూపించాడు. సంతకం నీదేనా అని బల్ల వెనక ఉన్న ఒకాయన అడిగాడు.

"నాదే సార్. నేను పెట్టినప్పుడు అది తెల్లకాయితం. మీద రాత యబుడు మొలిసిందో నాకు తెల్దు."

"డబ్బు ముట్టిందా లేదా?"

"ముట్టుంటే రెండు కాళ్ళ మీద నిలబడి చెప్తాంటి సార్."

కూర్చోమన్నారు. తరవాత కుప్పం ఆమె లేచింది. వేళ్ళు కడుక్కునే వచ్చింది గానీ, ఆ నలుపు గోళ్ళ సందుల్లో మిగిలే ఉంది. తనకు ఏం చెప్పాడో, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టించాడో చెప్పింది. తడబడలేదు. లాయరు ఆమె వైపు చూడలేకపోయాడు. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో, నేను ఎన్నడూ పెంచి చెప్పలేనిది, మామూలు మనిషి భయం కనిపించింది.

కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. కక్షిదారు సొమ్ము వాడుకోవడం వృత్తికే ద్రోహమని, ఆయన పేరును న్యాయవాదుల పట్టిక నుంచి తీసేశామని. నేను గెంతాను. కుప్పం పెద్దాయనకు ఫోన్ చేసి, "అయితే డబ్బెప్పుడు ఇప్పిస్తారు సార్?" అన్నాను.

"డబ్బా? కౌన్సిలు కోటు తీసేస్తాదప్పా. డబ్బు కక్కించేది వాళ్ళ పని కాదు. దానికి వేరే దావా వేయాల. పోలీసు కేసు దాని పాటికి అది నడస్తాది. ఆయన దగ్గిర ఏమన్నా మిగిలిండాల గదా, కక్కేకి."

బావకు చెప్పాను. "దావా వేసేకి మళ్ళా లాయరు కావాల గదరా?" అన్నాడు. అవునన్నాను. బావ నవ్వడం మొదలుపెట్టాడు. కర్రలు రెండూ కింద పడేదాకా నవ్వాడు. అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా కర్రలు ఏరి గోడకు పెట్టింది.

తరవాత తెలిసింది, డాక్టర్లు తీసిన తొడ అచ్చు ఇక పనికిరాదట. ఇన్నాళ్ళలో కండ కరిగి తొడ సన్నబడిపోయింది. మండీ గేటు దగ్గర ఇంకొకాయన కూర్చున్నాడు. కుప్పం ఆమెకు డబ్బు పూర్తిగా పడిందని ఫోన్ చేసింది. బావ సంతోషించాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న మా లాయరు మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నం, సంగటి వేళకే. కారు లేదు, కోటు లేదు, చొక్కా చెమటకు వీపుకంటుకొని ఉంది. మనిషి సగమయ్యాడు. పెద్ద కౌన్సిలుకు అప్పీలు వేసుకున్నానని, బావ పెద్ద మనసు చేసుకొని ఒక్క మాట రాసిస్తే కోటు మళ్ళీ వస్తుందని, కోటొస్తే సంపాదించి అందరివీ తీర్చేస్తానని గడపలో నిలబడే చెప్పేశాడు. తరవాత, "అత్తా, పొద్దుట్నుంచి ఏమీ తిన్లేదు" అన్నాడు.

అక్క పళ్ళెం పెట్టింది. సంగటి ముద్ద, ఊరిబిండి. ఆయన పీట మీద కూర్చొని వేళ్ళతో ముద్ద విరిచాడు. నోటి దగ్గరకు తీసుకెళుతున్నాడు.

"నా కాలు యాడరా?" అన్నాడు బావ.

ఆ చేయి అక్కడే ఆగిపోయింది. నేను అక్క వైపు చూశాను. తింటున్నవాణ్ణి అడిగినందుకు కసురుతుందనుకున్నాను. అక్క చప్పుడు చేయకుండా బియ్యం డ్రమ్ము వెనక్కి వెళ్ళి ఒక సంచి తెచ్చింది. చెప్పులు గడప దాటి లోపలికొస్తే వీధంతా వినబడేలా అరిచే మా అక్క, ఆయన పళ్ళేనికి ఆనించి ఒక చెప్పు పెట్టింది. కొత్తది. మట్టి ఎరగనిది. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. అన్నీ కుడికాలివి. పళ్ళెం చుట్టూ వరస తిరిగింది. ఆయన ముద్ద పట్టుకున్న చేతిలోంచి సంగటి మెతుకులు చెప్పుల మీద రాలుతున్నాయి.

సంచి ఖాళీ అయింది. అక్క దాన్ని దులిపి, మడిచి చంకలో పెట్టుకుంది.

"తిను నాయనా" అంది. "ఇంగా ఉండాయి, తెస్తా."